మడతలో రెండంగుళాలు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
వాన కురుస్తోంటే
ఏడు దేశాలు తడిసిపోకుండా
పాత గొడుగు గుడ్డ కప్పి పడుకున్నాను.
బల్ల మీద నిలబెట్టే బుల్లి జెండాలు,
అన్నిటికీ ఒకటే కొలత, తొమ్మిదికి ఆరు.
ఎనిమిదోదానికి మాత్రం
ఆర్డరు కాగితం అంచున పెన్సిలుతో రాసుంది:
పరిశీలక హోదా. రెండంగుళాలు తక్కువ.

హోదాని టేపుతో కొలుస్తారని
నలభై ఏళ్ల నా కత్తెరకి తెలీదు.

మర్నాడు ఆ దేశం మనిషే వచ్చాడు.
రాయబారి కదా, కార్ల వరసొస్తుందనుకున్నాను.
ఆటో దిగాడు, చిల్లర కోసం జేబులన్నీ తడుముకుంటూ.
బూటు మడమ ఒక పక్కకి అరిగిపోయుంది.
గుమ్మాల ముందు కాలు మార్చుకుంటూ నిలబడేవాళ్లకి
అలాగే అరుగుతుంది.
వెంట దుబాసీ, ఏయూలో చదివే పిల్ల, తేజోవతి.

కోటు జేబులోంచి వలతాడు ముక్క తీసి
"ఈ నీలం కావాలి" అన్నాడు.
వాళ్ల దీవి మన భీమిలంత ఉంటుందట.
పెద్దోళ్ల ఓడలొచ్చి అడక్కుండా లంగరేసి
అడిగితే, సముద్రం నీదా అంటున్నాయట.
అందుకే ఐదేళ్లుగా
ఈ కూటమి చుట్టూ తిరుగుతున్నాడు.
ఒకరి మీద దెబ్బ పడితే ఏడుగురి మీదా పడ్డట్టే
అని రాసుకున్న కాగితం కింద
ఎనిమిదో సంతకానికి చోటడుగుతూ.
ఆరుగురు సరేనన్నారు.
ఏడోవాడు ఇంకా టీ తాగుతున్నాడు.

నాకు నవ్వాగలేదు.
ఈ బజారు దర్జీల సంఘంలో చేరడానికి
నాకూ పట్టాయి నాలుగేళ్లు.
అందరూ ఊ అంటే
మూల కొట్టు బొడ్డేపల్లి సత్తెయ్య ఊహూ అనేవాడు,
నా అరుగు తనవైపు మూడడుగులు జరిగిందని.
రోజూ బెల్లం టీ పట్టుకెళ్లేవాణ్ని.
తాగేవాడు. గ్లాసు తిరిగిచ్చేవాడు.
"చూద్దాంలే" అనేవాడు.
చివరికి చేర్చుకున్నారు.
చేరిన వారానికే సమ్మె!
ఎవరి తగువో, నాకు సంబంధం లేనిది,
నలభై రోజులు నా మిషను మీద దుమ్ము.

ఇదంతా తేజోవతి ఆగి ఆగి చెప్పింది.
ఆయన చాలాసేపు దారపుండని చేతిలో తిప్పాడు.
"మా అమ్మా అదే అడిగింది.
తలుపు గడియ కోసం వెళ్లి
ఎవరి యుద్ధం తెస్తావురా ఇంటికి, అని."

అప్పుడే డాల్ఫిన్ నోస్ అవతల ఫిరంగి పేలింది.
విన్యాసాలు కదా, కొట్టు అద్దం గలగలమంది.
జాలారిపేట మైలపల్లి ఎర్రయ్య
మూడ్రోజులుగా వేటకి పోనివ్వక
నా అరుగు మీదే కూచుని వల బాగుచేస్తున్నాడు.
తలెత్తకుండానే అడిగాడు:
"జేరినాక గూడా ఇయ్యి ఇలాగే పేల్తాయేటి?"
ఆ మాట
ఎవరూ అనువదించలేదు.

కొలత తగ్గించాను, కాగితం అడిగినంతే.
గుడ్డ మాత్రం కత్తిరించలేదు.
జూన్ నెలలో, ఎదిగే పిల్లల గౌన్లకి వదిలినట్టు
రెండంగుళాలూ లోపలికి మడిచి
పైపైన టాకాలేశాను.
ఆ రోజొస్తే బ్లేడు తగిలిస్తే చాలు.
ఆయన బొటనవేలితో మడత తడిమి చూశాడు.
ఏమీ అనలేదు.
రసీదు అడిగాడు, ఖజానాకి లెక్క చెప్పాలట.

తర్వాత మూడు సమావేశాలయ్యాయి.
ప్రతిసారీ ఉతుక్కీ ఇస్త్రీకీ నా దగ్గరికే వస్తుంది జెండా.
బీచ్ రోడ్డు హోటలు కిటికీల ఎండకి
పై నీలం వెలిసిపోయింది.
ఇప్పుడు విప్పితే
ఆ రెండంగుళాలే తానులోంచి తీసినంత ముదురుగా ఉంటాయి.
ఎన్నేళ్లు బయట నిలబడిందో
గీత గీసి మరీ చూపిస్తాయి.

ఈసారి కొత్తాయన వచ్చాడు. కొత్త బూట్లు.
పాతాయన ఏమయ్యాడని అడిగితే
తేజోవతి నోరు తెరిచేలోపు ఫోను మోగింది,
మాట్లాడుతూ సందు చివరిదాకా వెళ్లిపోయింది.

ఇస్త్రీపెట్టె కాగింది.
మడత వైపు వేలు చూపించి
విప్పనా అని సైగ చేశాను.

ఆయన నవ్వి, తెలుగులోనే అన్నాడు:
"చూద్దాంలే."

ఈ ఊళ్లో ఆయన నేర్చుకున్న మొదటి మాటట అది.